రెండు పంచాంగముల నడుమ కొండ సంఘము



విశాఖపట్టణమున ఉదయమే రైలెక్కి, శృంగవరపుకోట దాటి, సొరంగము వెనుక సొరంగముగా కొండల కడుపులోనుండి సాగి, బొర్రాగుహలును, 996 మీటర్ల యెత్తున నున్నదని ప్రసిద్ధి కెక్కిన శిమిలిగూడ స్టేషనును గడచి అరకులోయలో దిగిన యాత్రికునకు, వలిసెచేల పసుపువన్నెయు, కాఫీతోటల నీడయు, ధింసా నాట్యమును కనువిందు చేయును. ఆ చేలకును తోటలకును ఆవల, గెడ్డ యొడ్డుననో మెట్టమీదనో, పెంకులో రేకులో కప్పుకొని, ముంగిట సున్నము పూసిన సిలువతో నిలిచియుండు చిన్న ప్రార్థన మందిరముల వంకకు మాత్రము అతని చూపు సాధారణముగా మరలదు. మరలినను, అవి ఆదివారమునాడు తెరచి తక్కిన దినములయందు మూసియుంచు కట్టడములని మాత్రమే అతడు తలచును. ఆ మందిరములను ఆశ్రయించి ఏడాది పొడవున నడచు జనజీవనమును గూర్చి ఈ పూట మీతో కొంత ముచ్చటింపదలచితిని.

ఏ మతసంఘమున కైనను ఒక పంచాంగ ముండును. క్రైస్తవ సంఘమునకు ఆగమన కాలముతో ఆరంభమై, క్రిస్మసు, శ్రమదినములు, పునరుత్థానము, పెంతెకొస్తు అనెడి మెట్లమీదుగా సాగెడి ఆరాధన సంవత్సర మొకటి కలదు. అది యవలును గోధుమలును, ద్రాక్షయు ఒలీవయు పండెడి మధ్యధరా సముద్రతీర భూములలో రూపొందినది. అరకు, పాడేరు, చింతపల్లి కొండలలో నివసించువారికి సామలు, కొఱ్ఱలు, చోళ్ళు, కందులు, పసుపు, అల్లము, ఇటీవలి కాలమున కాఫీ, వీని విత్తుటతోను కోతతోను నడచెడి మరియొక సంవత్సరము తాతముత్తాతలనాటినుండి కలదు. కొండమీది క్రైస్తవుడు ఈ రెండు సంవత్సరములలోను ఒక్కసారిగా జీవించువాడు. అవి కలిసినచోట పండుగ యగును. తప్పినచోట సంఘపెద్దలు కూర్చుండి ఏదో యొక నిర్ణయము చేసికొనవలసి వచ్చును. ఆ సంఘముయొక్క జీవమును తెలియగోరువాడు పండుగలకంటె ముందుగా ఈ నిర్ణయములను పరిశీలింపవలెనని నా అభిప్రాయము.

ముందుగా పూర్వకథ నొకింత స్మరించుకొందము. తెలుగుదేశమునకు ప్రొటెస్టెంటు మిషనరీలు తొలుదొల్త వచ్చి స్థిరపడినది విశాఖపట్టణముననే. 1805లో లండన్ మిషనరీ సొసైటీవారు పంపిన జార్జి క్రాన్, అగస్టస్ దే గ్రాంజ్ అనువా రచట నివాస మేర్పరచుకొని, ఆనందరాయరు అనువాని తోడ్పాటుతో సువార్తలను తెనిగింప పూనుకొనిరి. వారిరువురును అల్పకాలముననే కాలధర్మము నొందగా, మూడు సువార్తలు మాత్రము 1812లో శ్రీరాంపురమున అచ్చుపడి వెలువడినవి. సవాయి దేశపు ఆన్సీ నగరమునుండి బయలుదేరిన కతోలిక గురువులును 1846లో ఆ పట్టణమునకే చేరిరి. అయినను సముద్రతీరమున వెలసిన ఈ బోధ, కనుచూపుమేరలో నీలముగా కనబడుచున్న తూర్పుకనుమల నెక్కుటకు చాల కాలము పట్టినది. దారులు లేకుండుట ఒక కారణము. మన్యపు జ్వరము అంతకు మించిన కారణము.

ఈ కొండసీమలకు బోధకులు తీరమునుండియే గాక ఉత్తరపు దిక్కున నున్న జయపురము సంస్థానపు మార్గమునను వచ్చిరి. జర్మనీ దేశమున బ్రెక్లుం అను గ్రామమునందు క్రిస్టియన్ యెన్సెన్ అను పాదిరి 1876లో ఒక మిషనును స్థాపింపగా, దాని పక్షమున ఎర్నెస్ట్ పోల్, హెర్మన్ బోత్మన్ అనువారు 1882లో కోరాపుట్టు ప్రాంతమునకు వచ్చిరి. తరువాతి సంవత్సరములలో కొండల పాదమున నున్న సాలూరు, పార్వతీపురములును ఆ మిషనునకు ప్రధాన స్థానము లయ్యెను. 1914లో మొదటి ప్రపంచయుద్ధము పొడసూపగా, జర్మను జాతీయులైన ఈ మిషనరీలు శత్రుదేశీయులుగా పరిగణింపబడి దేశము వీడవలసి వచ్చినది. అమెరికా లూథరనులు పర్యవేక్షణ భారమును వహించిరి గాని, గ్రామగ్రామమున దీపమార్పకుండ నిలిపినవారు స్థానికులైన ఉపదేశులే. 1928లో జయపురము ఇవాంజెలికల్ లూథరన్ సంఘము తన పేరుతో తానుగా ఏర్పడినది. పైవా రెవ్వరును లేకున్నను గుడి నడచునని ఈ కొండలు ఆ యుద్ధకాలముననే ఎరుగును. ఈనాడు అరకు ప్రాంతమున లూథరన్, బాప్తిస్టు, కతోలిక, పెంతెకొస్తు సంఘములే గాక ఏ సంస్థకును చెందని స్వతంత్ర సంఘములును కలవు. ఒకే గ్రామమున రెండు మందిరము లుండుటయు అరుదు గాదు.

ఈ సంఘములలోని జను లెవ్వరు? కోదులు, కొండదొరలు, వాల్మీకులు, కోటియాలు, పోర్జలు, గదబలు, ఇత్యాదిగా పలు తెగలవారు. 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లా వీరి నివాసభూమి. మైదానమున నున్న శ్రోతలకు ఒక విషయము చెప్పవలసియున్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులయందు షెడ్యూల్డు కులముల జాబితాకు మతనియమ ముండగా, షెడ్యూల్డు తెగల జాబితాకు అట్టి నియమము లేదు. అందువలన పల్లపు సీమలోని షెడ్యూల్డు కులపు క్రైస్తవునకు గల, ఆ జాబితాను వీడవలసిన సంకటము కొండవానికి లేదు; అతడు తన తెగపేరును తన గుడిపేరును రెంటిని ఒక్క నోట చెప్పుకొనగలడు. ఈ సౌలభ్యము చిన్నది గాదు. తెగకు చెందిన పెండ్లి మర్యాదలు, వరుసలు, భూమి హక్కులు, ఊరిపెద్దయైన నాయుని మాట, ఇవన్నియు బాప్తిస్మము తరువాతను అతనిని పట్టుకొనియే యుండును.

మందిర వ్యవహారమును నడపువారిని గూర్చి రెండు మాటలు. పాస్టరుగారు తరచుగా నాలుగైదు గ్రామములకు ఒక్కరే. కావున గ్రామమున నిత్యము కనబడు మనిషి ఉపదేశి. అతడు లేనిచోట చదువు వచ్చిన సంఘపెద్ద. అతని తరువాత, కొన్ని విషయములలో అతనికంటె మిన్నగా, స్త్రీల సమాజము. వంటకు బియ్యము కొలుచునప్పు డెల్ల ఒక పిడికెడు వేరుగా తీసి కుండలో నుంచి, ఆదివారమునాడు గుడికి తెచ్చు పిడికిలి బియ్యపు ఆచారము తెలుగు సంఘము లన్నిటను ప్రసిద్ధము. వరి తక్కువగా పండెడి కొండలలో ఆ కుండలో బియ్యముతోపాటు చోళ్ళును సామలును కూడ పడును. నెలజీత మెరుగని స్త్రీలు నగదు చేతబట్టకయే ఒక సంస్థను పోషించుటకు కనిపెట్టిన ఉపాయ మిది. ఉపదేశి యింటి పొయ్యి రగులుటయు, రోగి యున్న యింటికి నాలుగు సోలల గింజలు చేరుటయు ఆ కుండ చలువయే.

ఇక కాలక్రమములోనికి పోదము. పంచాంగములు రెండును తొలుత ఢీకొనునది సంవత్సరమున గాదు, వారముననే. కొండమీది వారము సంతలతో లెక్కింపబడును. ఈ దినము ఒక ఊరి సంత, మరునాడు వేరొక ఊరి సంత; కరక్కాయలు, కుంకుళ్ళు, చింతపండు, అడ్డాకుల కట్టలు నెత్తిన బెట్టుకొని స్త్రీలు తెల్లవారకమునుపే నడక సాగింతురు; ఉప్పు, నూనె, ఎండుచేప, బట్ట, మందుబిళ్ళ తెచ్చుకొందురు. చుట్టములు కలిసికొనునదియు, సంబంధములు మాటాడుకొనునదియు, కబురు లందుకొనునదియు అచటనే. ఏ సంత ఆదివారమునాడు పడునో ఆ చుట్టుపట్టుల సంఘమునకు చిక్కు వచ్చును. పది యాజ్ఞలను పట్టుకొని సంతను మానుమన్నచో ఆ వారము ఇంట ఉప్పుండదు. సంతకే పొమ్మన్నచో గుడి యుండదు. ఆరాధనను తెల్లవారుజామునకో దీపాలవేళకో జరుపుకొనుట ఇట్టి చోట్ల కనబడు పరిష్కారము. ఈ మార్పు చిన్నదిగా తోచవచ్చును. కాని ఆకలిగొన్న శిష్యులు విశ్రాంతిదినమున వెన్నులు త్రుంచిన కథను చదువుకొన్న జనులు తమ విశ్రాంతిదినమును తాము అర్థము చేసికొన్న విధ మిది.

కొండవాని యేడాదికి తల చైత్రము. ఆ మాసముననే ఇటుకల పండుగ వచ్చును. పురుషులు గుంపులుగా అడవికి వేటకు పోవుట, రిక్తహస్తులై మరలినవారిని స్త్రీలు ఎగతాళి చేయుట, దారికి అడ్డముగా దుంగ నుంచి బాటసారులచేత కానుక పుచ్చుకొనుట, ఊయలలు, ధింసా, అన్నిటికిని మించి ఇంటింటి విత్తనమును ఒకచోట చేర్చి పూజచేసి పంచుకొనుట, ఇవి దాని లక్షణములు. క్రైస్తవుల పునరుత్థాన పండుగయు ఇంచుమించు ఈ దినములలోనే వచ్చుటకు కారణమున్నది. మార్చి 21వ తేదిననో ఆ తరువాతనో వచ్చెడి తొలి పున్నమ కావల పడు ఆదివారమే ఈస్టరు. ఆ పున్నమ మన లెక్కలో ఫాల్గుణ పూర్ణిమయో చైత్ర పూర్ణిమయో అగును. ఒకే ఇంగ్లీషు తేదీకి కట్టుబడక వెన్నెలను బట్టి కదలెడి ఈ పండుగను కొండవృద్ధులు సులువుగా గ్రహింతురు. ఊరికి తిథులు చూచు పూజారియైన దిసారి లెక్కించు చంద్రుడే గుడివారి చంద్రుడును.

కాని చంద్రు డొక్కడైనను వ్రతములు వేరు. ఈస్టరునకు ముందు నలువది శ్రమదినములు; ఉపవాసము, మితాహారము, మద్యవిసర్జనము బోధింపబడు కాలము. అడవి సరిగా ఆ కాలముననే ఇప్పపూవును రాల్చును. జీలుగు చెట్టు కల్లునిచ్చు దినములును అంతతో ముగియవు. ప్రకృతి పానపాత్ర నందించు వేళ సంఘము దానిని వలదనును. కొండ సంఘములలో మద్యమును మానుటయే క్రైస్తవుడగుటకు గుర్తుగా పరిగణింపబడుట అందరెరిగినదే. ఆ నియమమువలన సంతనుండి డబ్బు ఇంటికి చేరుచున్నదని స్త్రీలు సంతోషింతురు. పెండ్లిలో చావులో కల్లుముంత ముట్టనివాడు బంధువులలో పరాయివాడగుచున్నాడని వృద్ధులు నొచ్చుకొందురు. రెండు మాటలును నిజములే.

మట్టల ఆదివారమునాడు ఈత మట్టలును జీలుగు మట్టలును పట్టుకొని పిల్లలు ఊరు చుట్టివత్తురు. శుభశుక్రవారమునాడు పగలు పండ్రెండు గంటలనుండి మూడు గంటలవరకు, సిలువమీద పలుకబడిన ఏడు మాటలను ఏడుగురు వివరింతురు. పాస్టరుగారు దూరమున నుండుటచేత ఆ ఏడుగురిలో పలువురు ఊరివారే యగుదురు. పదవ తరగతి చదివిన బాలిక మొదలు పసుపు పండించు రైతువరకు అందరును జనసమక్షమున నిలిచి మాటాడుట నేర్చుకొన్నది ఈ మూడు గంటలలోనే. పంచాయతీ సభలో గొంతెత్తగలిగిన గిరిజన స్త్రీకి ఏ బడిలో శిక్షణ దొరకినదని అడిగినయెడల, ఈ ప్రసంగపు బల్ల యొద్దకును మన చూపు పోవలెను. ఆదివారము తెల్లవారుజామున, సున్నము పూసిన సమాధుల నడుమ క్రొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడుదురు. పితరులను ఊరిపొలిమేరలోనే నిలిపి గౌరవించు తెగలకు ఈ యాచారము పరాయిదిగా తోచదు.

విత్తనమునకు పూజచేయు పండుగలో క్రైస్తవుడు పాల్గొనవలెనా అనునది ఏటేట తలయెత్తు ప్రశ్న. దిసారి చేతినుండి పుచ్చుకొన్న విత్తనమును తాను విత్తనని ఒకడనును. విత్తనము ఊరిది, వాన ఊరిది, వేరుపడుట యెట్లని మరియొకడనును. లూథరనుల ఆరాధనక్రమమునందు ఈస్టరు తరువాతి ఐదవ ఆదివారమునకు రొగాతె, అనగా ప్రార్థన ఆదివారమని పేరు. పూర్వము ఐరోపా పల్లెలలో పొలములు చుట్టివచ్చి పంటకొరకు వేడుకొను దినములు దానికి ఆనుకొని వచ్చెడివి. మన కొండలలో తొలకరికి ముందు విత్తనపు గంపలను బలిపీఠము ముందుంచి ప్రార్థించుకొను సంఘము, తానెరుగకయే ఆ పాతసంప్రదాయమును బ్రదికించుచున్నది.

పెంతెకొస్తు పండుగ మే జూను మాసములలో వచ్చును. యూదుల దేశమున అది గోధుమకోత కాలము. ప్రథమఫలముల నర్పించు దినము. మన కొండలలో ఆ వేళకు కోతకు ఏమియు నుండదు. గాదెలు ఖాళీయై, ఒకప్పుడు మామిడి టెంకల పిండితో అంబలి కాచుకొని దినములు వెళ్ళబుచ్చిన కరవుకాల మది. గ్రంథము కోత యనుచుండగా నేల విత్తు మనుచుండును. మేఘము దిగిన పిదప పోడులయందును మెట్టలయందును పని పుంజుకొనును. మందిరమున బల్లలు ఖాళీయగును. గెడ్డలు పొంగి పాస్టరుగారి రాక తప్పును. ఈ మూడునెలలు సంఘము గుడిని విడిచి యిండ్లలోనికి పోవును. రాత్రివేళ ఒక్కొక్కనాడు ఒక్కొక్క యింట, పొయ్యి చుట్టును కూర్చుండి పాట, ప్రార్థన, నాలుగు మాటలు. వీనిని గృహకూడిక లందురు. వానకాలము జ్వరముల కాలము గూడ. రోడ్డులేని గ్రామములలో గర్భిణులను, రోగులను డోలీకట్టి మోసికొనిపోవుట ఈనాటికిని చూచుచున్నాము. డోలీ మోయు భుజములకు మతభేదము లేదు. గుడికి పోవు కుఱ్ఱవాడు ముందుకొమ్ము పట్టిన, గుడికి పోనివాడు వెనుకకొమ్ము పట్టును. సంవత్సర మంతటిలో సంఘము గ్రామమునకు మిక్కిలి ఉపకరించు కాలము, ఏ పండుగయు లేని ఈ కాలమే.

భాద్రపదము వచ్చుసరికి సామలు, కొఱ్ఱలు పండును. కొత్తగింజను దేవతకు నివేదింపక నోట బెట్టరాదనుట కొండవారి ధర్మము. దానికే కొత్తపండుగ యని పేరు. ఇచట రెండు పంచాంగములును ఒకదానినొకటి చక్కగా గుర్తుపట్టును. మోషే ధర్మశాస్త్రమునందలి ప్రథమఫల విధిని కొండరైతునకు వ్యాఖ్యానించి చెప్పనక్కరలేదు. పట్టణపు క్రైస్తవుడు పుస్తకమున చదువుకొను విధిని అతడు పుట్టుకతో నెరుగును. గుడివారు జరుపుకొను కోతపండుగ దినమున మందిరము సంతను తలపించును. గుమ్మడికాయలు, అనాసపండ్లు, అల్లపు మూటలు, చోళ్ళ కుంచములు, కాళ్ళు కట్టిన కోళ్ళు, తేనె సీసాలు బలిపీఠము ముందు చేరును. ఆరాధన ముగియగానే వేలముపాట. ఒక గుమ్మడికాయను పాడుకొన్నవాడు దానిని తిరిగి గుడికే యిచ్చివేయును. మరల వేలము, మరల దానము. ఒకే కాయ నాలుగు చేతులు మారి మొదటి చోటికే వచ్చును. నవ్వులాటగా కనబడు ఈ వేలమువలననే గుడి రేకు మారును, మైకు కొనబడును, ఉపదేశికి బాకీపడిన భత్యము తీరును. మునుపు కొత్తపండుగ దినమున ఊరంతయు కలిసి తినెడిది. ఇపుడు గుడివారి కొత్త ఒకనాడును, ఊరి కొత్త ఒకనాడును అగుట వలన కొన్నిచోట్ల ఎడము కలిగినది; తెలివిగల పెద్దలున్న గ్రామములలో రెండును ఒకే వారమున జరుపుకొని, ఒకరి వంట ఒకరికి పంపుకొందురు.

కార్తికమున వలిసెచేలు పూయును. ఆ ఋతువుననే కతోలికులు నవంబరు 2వ తేదిని సకలాత్మల దినముగా జరుపుకొని సమాధులను బాగుచేసికొందురు. అదే మాసమున కాఫీపండు ఎరుపెక్కును. జనవరివరకును కోత సాగును. ఇప్పటి కొండజీవనమును కాఫీ మార్చినంతగా మరియే పంటయు మార్చలేదు. 1956లో స్థాపితమైన గిరిజన సహకార సంస్థ అటవీఫలములతోపాటు కాఫీని కొనుచున్నది. 2019లో అరకులోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించినది. గుడి పంచాంగమునకు దీనివలన కలిగిన ఫల మేమనగా, చేతిలో రొక్క మాడు కాలమును క్రిస్మసును ఒక్కసారిగా వచ్చుట. మధ్యధరా దేశములలో చలికాలపు నడిమి పండుగయైన క్రిస్మసు, అరకు కొండలలో నిజమైన పంటపండుగ యైనది. కాని చేతినిండ పనియు అప్పుడే. పండిన కాఫీకాయ చెట్టుననే యుండి ఎండిపోరాదు, నేలరాలరాదు. డిసెంబరులోని ఆగమన ఆదివారములలో ఉదయము తోటకు పోయి, సాయంకాలము గుడికి వచ్చు సంఘమును చూచి, ఏది ఆరాధన, ఏది పని అని విభజింపబూనుట కష్టము.

క్రిస్మసు రాకను తొలుత తెలుపునవి వెదురుబద్దలతో రంగుకాగితములతో కట్టి ఇంటి చూరున వ్రేలాడదీసిన నక్షత్రములు. తరువాత రాత్రివేళ పాటల బృందములు. మంచు కురియుచుండగా, గొంగళ్ళు కప్పుకొని, డప్పును తాళములను పట్టుకొని, యువకులును పిల్లలును గూడెము వెంట గూడెము తిరిగి, ఇంటింట పాడి, ఒక్కొక్క యింట నిప్పు కాచుకొని, తెల్లవారుజామునకు ఇల్లు చేరుదురు. పిల్లలు ప్రదర్శించు జన్మనాటికలో గొల్లల వేషమునకు ఏ సామగ్రియు అక్కరలేదు. మేకలు కాచు బాలుడు తన గొంగడితోనే రంగమునకు వచ్చును. పండుగనాటి ప్రేమవిందు అడ్డాకుల విస్తళ్ళలో వడ్డింపబడును. ఊరిలో గుడికి రానివారికిని ఆ పంక్తిలో స్థానముండును. కొత్తపండుగనాడు కలిగిన ఎడమును ఈ పంక్తి కొంత పూడ్చును.

డిసెంబరు 31వ తేది రాత్రి మేలుకొని, గడచిన యేటి మేలులను ఒక్కొక్కరు లేచి సాక్ష్యము చెప్పుదురు. ఎద్దు కోలుకొన్నది, కూతురు ఆశ్రమ పాఠశాలలో పాసైనది, పాము కరచినను ప్రాణము దక్కినది, పట్టా చేతికి వచ్చినది. ఒక గ్రామముయొక్క యేటిచరిత్ర ఎచటనైన మౌఖికముగా నమోదగుచున్నదన్నచో అది ఈ రాత్రియే. పండ్రెండు గంటలు దాటగానే ఒక్కొక్క వాక్యము వ్రాసిన వాగ్దానపు కార్డులను పంచుదురు. అది యేడాది పొడవునను గోడకు అంటియుండును. పిదప పుష్యమాసము. కొండసీమలలో పుష్యపండుగ లెక్కలు తీరు కాలము. అప్పునకు బదులుగా ఏండ్లతరబడి షావుకారింట చాకిరిచేయు గొత్తి పద్ధతి యున్న దినములలో పాలేరుల ఒప్పందములు మారినది అప్పుడే. గుడివారును ఈ మాసముననే కానుకల జమాఖర్చును చదివి వినిపించుకొందురు. తిరిగి చింతపండు రాలు కాలము వచ్చును, శ్రమదినములు వచ్చును, ఏడు పూర్తియగును.

ఈ వర్ణన విని, కొండ సంఘమున అంతయు సామరస్యమే యని మీరు తలచినయెడల నా ప్రసంగము మిమ్ము మోసపుచ్చినట్లగును. ఊరి దేవతయైన జాకర పండుగకు ఇంటికింత యని వేసిన చందాను గుడివారు ఈయకుండుట, దానిమీద నాయునిచావడిలో మాటలు పెరుగుట, ఊరి పొత్తులోనుండి కొందరిని దూరముంచుట, ఇవి కొన్ని గ్రామములలో జరుగుచునే యున్నవి. ధింసా నాట్యమును పాపమని నిషేధించు బోధకులును గలరు, దానిని పెండ్లిలో ఆడుకొనుటలో దోషమేమని అడుగు సంఘపెద్దలును గలరు. సర్దుబాటు కుదిరినచోట్ల, బలికి ఇయ్యని చందాను ఊరిబాటకో నీటిఊటకో ఇచ్చుట మర్యాదగా ఏర్పడుచున్నది. ఇట్టి మర్యాదను ఏ గ్రంథమును విధింపలేదు. ఇరుగుపొరుగున జీవించువారు తమకుతాము ఏర్పరచుకొన్నారు.

భాషావిషయమును చెప్పి ముగించెదను. సాలూరు మిషనునకు చెందిన షుల్జె అను పాదిరి కోదుల కువి భాషకు 1911లో వ్యాకరణమును, 1913లో పదకోశమును ప్రకటించెను. ఇంచుమించు అదే తరమున పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాషను నేర్చి, 1931లో ఆ భాషను గూర్చిన గ్రంథమును వెలువరించిరి. ఒకరు బోధకుడు, ఒకరు పండితుడు. ఇరువురును కొండవానితో మాటాడవలెనన్న ముందుగా అతని మాట నేర్వవలెనని గుర్తించినవారు. ఈనాడు అరకు మందిరములలో ప్రసంగము ప్రధానముగా తెలుగున సాగును. పాటలు పురుషోత్తమ చౌదరిగారి నాటినుండి వచ్చుచున్న, రాగతాళములు తలకట్టున అచ్చువేసిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు మొదలు నిన్నమొన్న సెల్‌ఫోనున వచ్చిన పాటలవరకు. వెనుక వరుసలోని వృద్ధురాలికి మాత్రము ఎవరో యొకరు కువిలోనో ఆదివాసీ ఒడియాలోనో అర్థము చెప్పవలసియుండును. ఆ అర్థము చెప్పు మనిషి లేని దినమున ఆమెకు గుడి కేవల దృశ్యమగును.

నేను మొదట చెప్పిన సంఘపెద్దల నిర్ణయముల కోవకే ఈ భాషాప్రశ్నయు చేరును. సంతదినమున ఆరాధన ఎప్పుడు, విత్తనముల పండుగలో నిలుచు తీరేమి, ధింసా ఆడవచ్చునా, ఏ భాషలో ప్రార్థింపవలెను, ఇట్టివానికి సమాధానము పట్టణమునుండి ఉత్తరముగానో ఫోనుమాటగానో వచ్చుచున్నంతకాలము ఆ సంఘము కొండమీద విడిదిచేసిన అతిథి మాత్రమే. ఆ సమాధానమును ఉపదేశియు, పిడికిలి బియ్యపు కుండను మోసిన స్త్రీలును, డోలీ మోసిన యువకులును తమలో తాము వాదించుకొని, పొరుగువానిని కూడ దృష్టియందుంచుకొని, తమ నోటితో చెప్పుకొనిననాడు అది ఆ నేలకు చెందిన సంఘమగును. పట్టణములనుండి పోయి వారికి రేకులును మైకులును దానము చేయగోరు సహృదయులు, ఈ వాదనలలో తీర్పుచెప్పు పనిని మాత్రము వారికే విడిచిపెట్టుట మేలు. మొదటి ప్రపంచయుద్ధకాలమున పెద్దదిక్కు లేకయే ఆ పనిని నిర్వహించుకొన్న జనులకు, నేడు ఆ శక్తి కొరవడినదని తలచుటకు నాకు కారణ మగపడుటలేదు.